ఎవరి తాలూకు?

2015 ఫిబ్రవరి 6, శుక్రవారం. అమెరికాలోని అలబామా రాష్ట్రం, మాడిసన్ పట్టణం. తెల్లారి పనులకు వెళ్లే వేళ పోలీసు శాఖకు ఒక ఫోను వచ్చింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కొట్టే 911కి కాదు, మామూలు నంబరుకి.

మా వీధిలో ఒకతను తిరుగుతున్నాడు అన్నాడు ఫోను చేసినాయన. సన్నగా ఉన్నాడు, నల్లవాడు, నెత్తిన ఉన్ని టోపీ ఉంది, గ్యారేజీలకు దగ్గరగా నడుస్తున్నాడు అన్నాడు. వయసెంతుంటుందని అడిగితే ముప్పైల్లో ఉండొచ్చన్నాడు. నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ఇతన్ని ఎన్నడూ చూడలేదు అన్నాడు. పాపను డే కేర్‌లో దింపి పనికి వెళ్లాలి, భార్యను ఇంట్లో వదిలి వెళ్లాలంటే బెరుగ్గా ఉంది, ఎవరైనా వచ్చి కనుక్కుంటే బాగుంటుంది అన్నాడు.

ఆ ఫోనులో నేరమన్నది ఎక్కడా లేదు. తాళం పగలగొట్టాడని గానీ, ఎవరినైనా బెదిరించాడని గానీ ఆయన చెప్పలేదు. చెప్పింది ఒంటి రంగు, టోపీ, కొత్త ముఖం. వాటికే పోలీసు కారు కదిలింది.

ఆ నడుస్తున్న మనిషికి 57 ఏళ్లు. గుజరాత్ నుంచి వచ్చి కొద్దిరోజులే అయింది. కొడుకు అక్కడ ఇంజినీరు. హంట్స్‌విల్ చుట్టుపక్కల నాసా రాకెట్ కేంద్రం, సైనిక సంస్థలు ఉండటంతో మాడిసన్‌లో ఇంజినీర్ల కుటుంబాలు ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టిన మనవణ్ని చూసుకోవడానికి కొడుకూ కోడలికీ ఇంకో జత చేతులు కావాలి. అందుకని వచ్చాడాయన. కోర్టు కాగితాల మీద ఆ కేసు పేరు 'పటేల్ వర్సెస్ సిటీ ఆఫ్ మాడిసన్'. నేనూ ఆయన్ని పటేల్ గారనే అంటాను.

పొద్దున్నే లేచి నాలుగడుగులు వేయడం మన పెద్దవాళ్లకు అలవాటు. అమెరికా వెళ్లినా పోదు. అక్కడ నడకకు పార్కుకో ట్రాక్‌కో కారులో వెళ్తారన్నది వాళ్లకెవరు చెబుతారు? వీధి ఉంది, కాళ్లున్నాయి, నడిచారు. డాలస్‌లోనూ, న్యూజెర్సీలోనూ, అట్లాంటా శివార్లలోనూ స్వెట్టర్ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని ఇళ్లవైపు చూసుకుంటూ నడిచే మన నాన్నలు ఎందరో. కొత్త ఊరు కదా, చూస్తారు. ఎవరింటి ముందు ఏ పూలమొక్క ఉందో, ఎవరు తులసి పెట్టుకున్నారో చూస్తారు. ఆ చూపు అవతలివాడికి ఇంకోలా కనబడుతుందని వాళ్లకు తోచదు.

తర్వాత జరిగినదానికి సాక్షులు పోలీసు కార్ల ముందు అమర్చిన కెమెరాలే. ఆ వీడియోలు ప్రపంచమంతా చూసింది. నేనూ చాలాసార్లు చూశాను. ఎన్నిసార్లు చూసినా ఒకచోట ఊపిరి ఆగుతుంది.

కారు ఆగింది. ఇద్దరు దిగారు. ఒకరు ఎరిక్ పార్కర్ అనే అధికారి, రెండోవారు ఆయన దగ్గర శిక్షణలో ఉన్న కొత్త పోలీసు. నీ పేరేమిటి, ఎక్కడుంటావు, ఇక్కడేం చేస్తున్నావు, గుర్తింపు కార్డు ఉందా? అన్నీ ఇంగ్లీషులోనే. పటేల్ గారికి ఇంగ్లీషు రాదు. ఉన్న రెండు మూడు మాటలూ కూడదీసుకున్నారు. 'నో ఇంగ్లీష్' అన్నారు. 'ఇండియా' అన్నారు. 'వాకింగ్' అన్నారు. ఇంటి నంబరు చెప్పి, అటువైపు చెయ్యి చూపించారు. ఆ ఇల్లు అక్కడికి దగ్గర్లోనే ఉంది.

ఆలోచించి చూస్తే వాళ్లడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ నాలుగు ముక్కల్లో జవాబుంది. నేనెవరిని? ఇండియా నుంచి వచ్చినవాణ్ని. ఏం చేస్తున్నాను? నడుస్తున్నాను. ఎక్కడుంటాను? అదిగో, అక్కడ. ఎందుకు సరిగ్గా చెప్పలేకపోతున్నాను? ఇంగ్లీషు రాదు. ఇంతకన్నా నిండుగా జవాబు చెప్పిన మనిషిని నేను చూడలేదు.

జేబులు తడమడానికి ఆయన చేతులు వెనక్కి పట్టుకున్నారు. చెయ్యి లాక్కోవద్దని పోలీసు గద్దించడం వీడియోలో వినబడుతుంది. ఆ మాట ఆయనకు అర్థమయ్యే వీలు లేదు. ఒక్క క్షణం. పార్కర్ కాలు అడ్డం పెట్టి ఆయన్ని ముందుకు పడేశాడు. చేతులు పోలీసు పట్టులో ఉన్న మనిషి నేలను ఆపుకోలేడు. ముఖం, తల నేలకు కొట్టుకున్నాయి.

లేవమన్నారు. లేపబోయారు. కాళ్లు నిలబడలేదు. రెండోసారీ అంతే. నిలబెట్టబోతుంటే కిందికి జారిపోతున్న ఆ కాళ్లను చూస్తే, వెన్ను దెబ్బతిన్నదని తెలుసుకోవడానికి డాక్టరు అక్కర్లేదనిపిస్తుంది. హంట్స్‌విల్ ఆసుపత్రిలో మెడ వెన్నుపూసలకు శస్త్రచికిత్స చేశారు. మనవణ్ని ఎత్తుకోవడానికి వచ్చిన చేతులకు స్పూను పట్టుకునే పట్టు కోసం వ్యాయామాలు అవసరమయ్యాయి.

వారం తిరక్కుండా మాడిసన్ పోలీసు చీఫ్ లారీ మన్సీ విలేకరుల ముందుకొచ్చి పార్కర్‌ను అరెస్టు చేశామనీ, ఉద్యోగం నుంచి తొలగించమని సిఫారసు చేస్తున్నామనీ ప్రకటించారు. తన శాఖ మనిషి మీద తనే చర్య తీసుకోవడం చిన్న విషయం కాదు. ఎఫ్‌బీఐ విచారణ మొదలుపెట్టింది. ఢిల్లీలో మన విదేశాంగ శాఖ తరఫున అధికార ప్రతినిధి సయ్యద్ అక్బరుద్దీన్ ఆందోళన తెలిపారు. అలబామా గవర్నర్ రాబర్ట్ బెంట్లీ అట్లాంటాలోని మన కాన్సుల్ జనరల్‌కు లేఖ రాసి, బలప్రయోగం మితిమీరిందని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. ఆసుపత్రి ఖర్చులకు ముక్కూ ముఖం తెలియని జనం 2 లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు.

ఇంతవరకూ చూస్తే న్యాయం దారిన పడ్డట్టే ఉంది. కోర్టు గది గుమ్మం దాటాక కథ మారింది.

పౌరహక్కుల చట్టం కింద ఫెడరల్ కేసు. 2015 సెప్టెంబరులో హంట్స్‌విల్‌లో విచారణ. పటేల్ గారు గుజరాతీ దుబాసీ సాయంతో సాక్ష్యం చెప్పారు. చెయ్యి లాక్కున్నాడు, ఎదిరించాడు అని పోలీసు వాదన. ఎదిరించలేదు, ఆ మాటలు నాకర్థం కాలేదు అని ఈయన. పార్కర్ తరఫు లాయరు జ్యూరీకి చెప్పిన మాటల సారం ఇది: మా దేశం వచ్చినవాళ్లు మా చట్టాలు పాటించాలి, మా భాష మాట్లాడాలి, జరిగినదానికి ఆయన బాధ్యత కూడా ఉంది. మనవణ్ని చూసుకోవడానికి వచ్చిన తాత ఇంగ్లీషు నేర్చుకుని రాలేదు కాబట్టి మెడ విరగ్గొట్టుకోవడంలో ఆయనకూ పాలు ఉందట. ఆ వాదన చదివిన రోజున నాకు అన్నం సయించలేదు.

జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. మళ్లీ విచారించారు. రెండో జ్యూరీ కూడా అంతే. 2016 జనవరి 13న జడ్జి మాడలిన్ హైకాలా తానే పార్కర్‌ను నిర్దోషిగా ప్రకటించారు. అమెరికా చట్టంలో పోలీసు మీద ఇలాంటి నేరం రుజువు కావాలంటే దెబ్బ తగిలిందని చూపిస్తే చాలదు. ఆ మనిషి హక్కును కాలరాయాలన్న ఉద్దేశంతోనే చేశాడని అనుమానానికి తావు లేకుండా తేల్చాలి. 1945లో సుప్రీంకోర్టు 'స్క్రూస్' కేసులో పెట్టిన గీత అది. మనసులో ఏముందో వీడియోలో పడదు. రాష్ట్రం పెట్టిన దాడి కేసు కూడా ఆ ఏడాదే కొట్టేశారు. పార్కర్ తిరిగి ఉద్యోగంలో చేరాడు.

పటేల్ గారు వేసిన సివిల్ దావాలో మాత్రం పోలీసుకు చట్టమిచ్చే రక్షణ కవచం వర్తించదని కింది కోర్టు తేల్చింది. 2020లో పై కోర్టు ఆ మాటను సమర్థించింది. లొంగిన మనిషిని, ఎదిరించని మనిషిని అలా పడేయకూడదని పోలీసుకు తెలిసి ఉండాల్సిందే అన్నది దాని సారాంశం. 2021లో మాడిసన్ నగరం 17.5 లక్షల డాలర్లకు రాజీపడింది.

ఈ వార్త వచ్చిన రోజుల్లో మనవాళ్ల మాటలు నాకింకా గుర్తున్నాయి. 'పాపం, నల్లవాడనుకున్నారట' అన్నారు ఎందరో. ఆ వాక్యంలో ఒక ముల్లుంది. అంటే ఆ వీధిలో నడుస్తున్నది నిజంగానే సన్నగా ఉన్న ఒక నల్లజాతి కుర్రాడైతే సరిపోయేదా? అతని మెడ విరిగితే మనకు వార్త కాకపోయేదా? రెండేళ్ల తర్వాత కాన్సస్ రాష్ట్రం ఒలాతేలోని ఒక బార్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరును ఒక తెల్లజాతీయుడు కాల్చి చంపినప్పుడూ ఇదే మాట వినబడింది: 'ఇరాన్ వాళ్లనుకున్నాడట'. ఆ హంతకుడు పోలీసు కాదు, కానీ చూపు అదే. పొరబాటు మన జాతి గుర్తుపట్టకపోవడంలో లేదు. ముఖం చూసి నేరం చదవడంలోనే ఉంది.

పోలీసుల వైపు వాదన కూడా వినాలి. ఫోను వచ్చాక వెళ్లకుండా ఎలా ఉంటాం? నేరాలు ఎక్కువగా జరిగే చోట, బాధితులు చెప్పిన పోలికలున్న మనిషిని ఆపితే అది జాతి వివక్ష ఎలా అవుతుంది? అప్పటి న్యూయార్క్ మేయర్ మైకేల్ బ్లూంబర్గ్, పోలీసు కమిషనర్ రే కెల్లీ ఏళ్ల తరబడి ఈ మాటే చెప్పారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అక్కడి లెక్కలు కోర్టుకెక్కాయి కాబట్టి దీనికి జవాబు ఊహించాల్సిన పని లేదు. 2004 జనవరి నుంచి 2012 జూన్ దాకా న్యూయార్క్ పోలీసులు వీధుల్లో జనాన్ని ఆపి ప్రశ్నించింది 44 లక్షల సార్లు. ఆపినవాళ్లలో 52 శాతం నల్లజాతివాళ్లు, 31 శాతం లాటిన్ మూలాలవాళ్లు, తెల్లవాళ్లు 10 శాతం. అన్ని లక్షల్లో 88 శాతం సార్లు అరెస్టూ లేదు, సమన్లూ లేదు, పొమ్మన్నారు, అంతే. జేబులు, నడుము తడిమిన సందర్భాల్లో ఆయుధం దొరికింది నూటికి ఒకటిన్నర. 2013 ఆగస్టు 12న జడ్జి షైరా షైండ్లిన్ ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమన్నారు. 2011లో 6,85,724గా ఉన్న ఆపడాలు 2014కు 46 వేల లోపుకు పడిపోయాయి. నగరం నేరాల్లో మునిగిపోతుందన్నారు. మునగలేదు. హత్యలు ఇంకా తగ్గాయి.

అదే నగరంలో మసీదులు, హోటళ్లు, విద్యార్థి సంఘాల మీద నిఘాకు ఒక ప్రత్యేక విభాగమే నడిచింది. ఆరేళ్లకు పైగా ముస్లింల కబుర్లు చెవి ఒగ్గి విని రాసుకున్నారు. వాటి నుంచి ఒక్క ఉగ్రవాద కేసు కూడా మొదలవలేదని ఆ శాఖ ఉన్నతాధికారే 2012లో ప్రమాణం చేసి చెప్పారు. 2014లో దాన్ని మూసేశారు.

అమెరికా సంగతి ఇంతసేపు చెప్పి మన వీధి గుమ్మం దగ్గర ఆగిపోతే నాకు తప్పు చేసినట్టుంటుంది.

2007 మే 18, శుక్రవారం మధ్యాహ్నం. హైదరాబాద్ మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. 9 మంది చనిపోయారు. ఆ తర్వాత రేగిన గొడవల్లో పోలీసు కాల్పులకు మరో 5 ప్రాణాలు పోయాయి. చచ్చిపోయింది నమాజుకు వచ్చినవాళ్లు. పాతబస్తీలో పోలీసులు వెతికింది కూడా ఆ మతం కుర్రాళ్లనే. పదుల సంఖ్యలో యువకుల్ని పట్టుకెళ్లారు. కరెంటు షాకులిచ్చారని వాళ్లు చెప్పారు. రాష్ట్ర మైనారిటీస్ కమిషన్ నియమించిన అడ్వొకేట్ కమిషనర్ ఎల్.రవిచందర్ జైలుకు వెళ్లి వాళ్లతో మాట్లాడి, చిత్రహింసల సంగతి నివేదికలో రాశారు. వాళ్ల మీద పెట్టిన కుట్ర కేసు కోర్టులో నిలబడలేదు, కుర్రాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. అప్పటికి చదువులు ఆగిపోయాయి, కుదిరిన పెళ్లిళ్లు తప్పిపోయాయి. 'బాంబు కేసువాడు' అన్న పేరు మాత్రం వీధిలో నిలిచిపోయింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించింది. జైలుపాలై నిర్దోషులుగా తేలిన 20 మందికి తలా 3 లక్షలు, పట్టుకెళ్లి వదిలేసిన 50 మందికి తలా 20 వేలు. దాంతోపాటు సత్ప్రవర్తన పత్రాలు కూడా. ఏ తప్పూ చేయని కుర్రాడికి 'నువ్వు మంచివాడివే' అని సర్కారు కాగితం రాసిచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం జీవోను కొట్టేసింది. సీబీఐ, ఆ తర్వాత ఎన్‌ఐఏ మరో వైపు వెళ్లి స్వామి అసీమానంద మొదలైనవారి మీద కేసు నడిపాయి. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు ఆయననూ, మరో నలుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది.

అంటే మక్కా మసీదులో బాంబు పెట్టినందుకు ఏ కోర్టూ ఇంతవరకూ ఎవరికీ శిక్ష వేయలేదు. ముఖాలు వెతికే పోలీసింగ్‌తో ఊరికి భద్రత వస్తుందనే మిత్రులకు నేను చూపించేది ఈ కేసే. తొలి రోజుల్లో, ఆధారాలు పచ్చిగా ఉన్నప్పుడు, చూపంతా గడ్డాల మీద, పేర్ల మీద పెడితే దొరకాల్సిన జాడ చల్లారిపోతుంది. చనిపోయిన 9 మంది ఇంటివాళ్లకు కూడా అన్యాయమే జరిగింది.

ఇది నిన్న మొన్నటి జబ్బు కాదు. 1871లో తెల్లవాళ్లు చేసిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబంలో పుట్టడమే పోలీసు రిజిస్టరుకెక్కడానికి చాలిన కారణమైంది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా రిజిస్టరుకెక్కినవాళ్లను ఉంచడానికి వెలిసిన ఊరే. ఆ పేరు కూడా ఒక తెల్లదొరది. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. స్టూవర్టుపురం నుంచి వచ్చానని చెప్పుకోవడానికి చదువుకున్న పిల్లలు ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు జంకారు.

ఇప్పుడు రాత్రిపూట చుట్టుముట్టి ఇంటింటికీ తిరిగే కార్డన్ సెర్చ్ బస్తీల్లోనే జరుగుతుంది. ఇరవై అంతస్తుల గేటెడ్ కమ్యూనిటీలో ఎవరి బీరువా తెరిపించారని వినలేదు. పాతబస్తీలో రాత్రి అరుగు మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకెళ్లడానికి పోలీసులు పెట్టిన పేరే 'ఆపరేషన్ చబుత్రా'. ఇంటి ముందు అరుగు మీద కూర్చోవడం ఒక వీధిలో కాలక్షేపం, ఇంకో వీధిలో అనుమానం.

పోలీసును అనేసి చేతులు దులుపుకోలేం. మాడిసన్‌లో కారు తనంతట తాను రాలేదు, పొరుగింటివాడు ఫోను చేస్తే వచ్చింది. ఆయన చెడ్డవాడని నేననను. చంటిపిల్ల తండ్రి, భయపడ్డాడు. కానీ కిటికీ తెరిచి పలకరించి ఉంటే? మన పల్లెల్లో కొత్త మనిషి కనబడితే అరుగు మీది ముసలమ్మ వేసే మొదటి ప్రశ్న, 'ఎవరి తాలూకు బాబూ?' అని. ఆ ప్రశ్న చాటున కులం ఆరా ఉంటుంది, దాన్ని వెనకేసుకు రావడం లేదు. అయినా అది ఎదురుగా నిలబడి, ముఖం చూసి అడిగే ప్రశ్న. జవాబుకు చోటుంది. ఫలానా వారి వియ్యంకుణ్నమ్మా అంటే, మంచినీళ్లు తాగి వెళ్లమంటుంది.

మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు ఆ ప్రశ్న లేదు. చాటుగా తీసిన ఫొటో ఉంది. 'సి బ్లాక్ దగ్గర ఎవరో తిరుగుతున్నాడు, సెక్యూరిటీ చెక్ చేయండి' అన్న మెసేజ్ ఉంది. ఆ ఫొటోలో మాసిన చొక్కా, గడ్డం, నల్లటి ఒళ్లు తప్ప వేరేమీ ఉండదు.

అమెరికా ప్రయాణం కట్టిన అమ్మానాన్నలుంటే ఇంటి అడ్రసు, పిల్లల ఫోను నంబరు, 'నాకు ఇంగ్లీషు రాదు' అన్న మాట ఇంగ్లీషులో రాసి వాళ్ల జేబులో పెట్టండి. పోలీసు ఆపితే కదలకుండా చేతులు కనబడేలా నిలబడమని చెప్పండి. ఈ మాట రాయాల్సి వస్తున్నందుకు కష్టంగా ఉంది, కానీ రాయక తప్పదు. ఈ వారం మీ గేటు దగ్గర కొత్త మనిషి కనబడితే ఫోను జేబులోనే ఉంచి, దగ్గరికి వెళ్లి ఒక్కమాట అడగండి. ఎవరింటికి వచ్చారండీ అని.